సాలొమోను బల్ల మీది ఆక్సిజన్ మిషన్లు

సాహిబాబాద్ పారిశ్రామిక వాడలో, ఒక పక్క బిస్కెట్ల గోడౌను, ఇంకో పక్క పెయింట్ల గోడౌను, మధ్యలో రేకుల షెడ్డు. ఇళ్లలో ఉండే రోగులకు ఆక్సిజన్ మిషన్లు అద్దెకిచ్చే ఒక కంపెనీది అది. రోగి కోలుకున్నాకో, కన్నుమూశాకో మిషను వెనక్కి ఈ షెడ్డుకే వస్తుంది. ఇక్కడ దాన్ని విప్పి, తుడిచి, పాడైనవి బాగుచేసి మరో ఇంటికి పంపుతారు. ఆ పనికి పెద్ద సాలొమోను.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో వాసవి షెడ్డుకు వచ్చింది. నోయిడా ఆఫీసులో సరఫరా, మరమ్మతు అన్నీ ఆవిడ చేతి కిందివే. తెలుగావిడే గానీ ఆఫీసులో తెలుగు మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ రోజు మాత్రం సాలొమోనును పక్కకు పిలిచి తెలుగులోనే చెప్పింది.

"సాలొమోను గారూ, రిపేరైన మిషన్లు కొత్తవాటికన్నా చాలా ముందు కంప్లయింటుతో తిరిగొస్తున్నాయి. డేటా అంతా అదే చూపిస్తోంది. ఒకళ్ల ఊపిరి దీని మీద ఆధారపడి ఉంటుంది. మనం రిస్క్ తీసుకోలేం."

"అంటే ఏం చేద్దామంటారండీ?"

"పూర్తి రిపోర్టు రావాలి. అందులోనూ ఇదే తేలితే, చలికాలం నుంచి వెనక్కొచ్చిన ప్రతి మిషనూ తుక్కుకే వెళ్తుంది. ఇనుము, రాగి, ప్లాస్టిక్ విడదీసేవాళ్లకి ఇచ్చేస్తాం. ఈ షెడ్డు గోడౌన్ అవుతుంది."

"మరి మేమండీ?"

వాసవి బల్లల వైపు చూసింది. గోడౌనుకు మెకానిక్కులు అక్కర్లేదు.

సాలొమోనుకు యాభై దాటాయి. ఊరు నరసాపురం. అక్కడ ఫ్యాన్లు, నీటి మోటార్లు, ఐసు ఫ్యాక్టరీల కంప్రెసర్లు బాగుచేసేవాడు. భార్య సరళకుమారికి ఢిల్లీ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చాడు. "అందరూ మొగుడి వెంట ఢిల్లీ వస్తారు, నేను పెళ్ళాం వెంట వచ్చాను" అని చర్చిలో అందరితోనూ నవ్వుతూ చెప్పుకుంటాడు. వచ్చిన కొత్తలో హిందీ రాదు, పని లేదు. సరళ వార్డులో కఫం లాగే మిషన్లు మూలన పడి ఉంటే, ఆవిడ అడిగి ఒకటి ఇంటికి తెచ్చింది. అతను దాన్ని విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. చేతికి పని దొరికాక హిందీ దానంతటదే వచ్చింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఈ కంపెనీ పెట్టినప్పుడు ఇందులో చేరాడు. వైశాలిలో అద్దె ఇల్లు. కూతురు ఎల్సా తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది, అతనికి అదీ అలవాటైపోయింది.

మీ పని నిలబడటం లేదు అన్న మాట అతనికి ఉద్యోగం పోతుందన్న మాటకన్నా గట్టిగా తగిలింది. పక్క బల్ల మెకానిక్కు ఇర్షాద్ రెండు రోజులు చూసి, "సాల్మన్ భాయ్, చాయ్ తాగండి, కంప్రెసర్ కూడా మీకన్నా ఎక్కువ మాట్లాడుతోంది" అన్నాడు.

రిపోర్టు రాయడానికి మే నెలలో ప్రవల్లిక వచ్చింది. జగిత్యాల అమ్మాయి, ఆఫీసులో డేటా చూస్తుంది. ప్రతి మిషనులోనూ ఒక బోర్డు ఉంటుంది. దానిలో చిన్న సిమ్ము. మిషను ఎంతసేపు నడిచింది, ఆక్సిజన్ ఎంత స్వచ్ఛంగా వస్తోంది, గాలి ఒత్తిడి ఎంత, ఇవన్నీ ఆ బోర్డు ఆఫీసుకు పంపుతూ ఉంటుంది. ప్రవల్లిక వాటితోనే గ్రాఫుల గీతలు గీసి, ఏ మిషను ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పే పనిలో ఉంది.

వేడిగాలికి రేకులు కాలిపోతున్నాయి. వచ్చీ రాగానే ఆమె ఫ్యాను కింద కుర్చీ కోసం వెతక్కుండా సాలొమోను బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అంకుల్, మీరు పని చేసుకోండ్రి. నేను ఉత్తగ చూస్త."

"చూడమ్మా. రిపోర్టులో రాయడానికి చివరి చూపన్నమాట."

"గట్లంటరేంది అంకుల్? నేనింక ఏం రాయలే."

అతను కొంచెం సిగ్గుపడి, ఇర్షాద్‌ను చల్లటి మజ్జిగ తెప్పించమన్నాడు. తర్వాత బల్ల మీద ఉన్న మిషను మూత విప్పాడు. పని చేస్తూ చెప్పుకొచ్చాడు. కంప్రెసర్ బయటి గాలిని లాగి తోస్తుంది. ఆ గాలి రెండు గొట్టాల్లో నింపిన తెల్లటి గుళికల గుండా పోతుంది. గుళికలు నత్రజనిని పట్టుకుంటాయి, ఆక్సిజన్‌ను వదులుతాయి. ఎప్పుడు పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో చెప్పేది బోర్డు. కరెంటు హెచ్చుతగ్గులకు ముందు పోయేది ఆ బోర్డే.

"ఇదిగో, దీని బోర్డు కాలింది. బాగుచేయాలంటే పూట పడుతుంది. అందాకా మిషను ఆపను." గోడనున్న అలమారు తెరిచాడు. బాగుచేసి పరీక్షించి, మెత్తటి సంచుల్లో చుట్టిన బోర్డులు వరసగా ఉన్నాయి. "వంట అయిపోయిన అన్నంలాగా ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి తీసి ఇందులో పెడతాను. దీని బోర్డు తీరిగ్గా బాగుచేసి ఇంకోదానికి పెడతాను. అందుకే మన షెడ్డులో మిషను ఆగదు."

అలమారులోని బోర్డు ఒకటి బిగించి మిషను స్విచ్ వేశాడు. పాత గుళికలు ఇంకా మార్చలేదు కాబట్టి కాసేపటికి ఆక్సిజన్ తగ్గిందని పసుపు దీపం వెలిగింది. అది ఊహించినదే. ఊహించనిది ప్రవల్లిక ల్యాప్‌టాప్‌లో జరిగింది.

"అంకుల్! ఢిల్లీల, ద్వారకల ఒకరింట్ల మిషనుకు ఆక్సిజన్ పడిపోతున్నది." ఆమె లేచి నిలబడి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. వాళ్లు ద్వారకా ఇంటికి చేశారు. తిరిగి ఆమెకు ఫోన్ వచ్చింది. విని, ఫోన్ పెట్టేసి, వింతగా చూసింది.

"ఏమన్నారమ్మా?"

"మా మిషన్ మంచిగనే నడుస్తున్నది, నా ఊపిరి మంచిగనే ఉన్నది, మీకే ఏదో అయినట్టున్నది, ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండ్రి అన్నడంట ఆ ఇంట్ల తాత."

ఇర్షాద్‌కు అర్థం చెప్పేసరికి అతను పడీ పడీ నవ్వాడు. ప్రవల్లిక నవ్వలేదు. "అంకుల్, మీ మిషన్ ఒకసారి బంద్ చెయ్యిండ్రి." ఆపాడు. ల్యాప్‌టాప్‌లో ద్వారకా మిషను ఆగింది. "మళ్ల వెయ్యిండ్రి." వేశాడు. ద్వారకా మిషను లేచింది.

ఇద్దరూ బోర్డు వైపు చూశారు.

ఆఫీసు కంప్యూటరు మిషనును గుర్తుపట్టేది బోర్డు నంబరును బట్టి. మిషను కొన్నప్పుడు ఈ బోర్డు ఈ డబ్బాది అని ఒకసారి రాసుకున్నారు, అంతే. డెలివరీ కుర్రాళ్లు చూసేది డబ్బా మీద అంటించిన స్టిక్కరును. బోర్డును ఎవరూ చూడరు. ఇప్పుడు బిగించిన బోర్డు ఒకప్పుడు ద్వారకా డబ్బాలోది. ఇన్నేళ్లుగా సాలొమోను అలమారులోంచి బోర్డులు తీసి మార్చుతూనే ఉన్నాడు. ఒక మిషను ఆయుర్దాయం ఇంకో మిషను పేరు మీద, ఒకదాని రోగం ఇంకోదాని మీద రాసి ఉంది. కొత్త మిషన్లకు మాత్రం బోర్డు మారదు కాబట్టి వాటి చరిత్ర శుభ్రంగా ఉంది.

సాలొమోను స్టూలు మీద కూర్చుండిపోయాడు. "అయితే నా పనితనమే నా కొంప ముంచిందన్నమాట."

"పని చెడలే అంకుల్. పేర్లు కలిసిపోయినయ్. అయితే ఒక మాట. రిపేరైనయి గట్టిగ ఉన్నయని కూడ ఇప్పుడు చెప్పలేం. ఉన్నయో లేవో మనకు తెల్వదు, గంతే."

ఆ అమ్మాయి తీపి మాట చెప్పనందుకు అతనికి ఆమె మీద గౌరవం కలిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్లాక సరళకుమారికి చెప్పాడు. ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, వంటింట్లో చేపలు కడుగుతోంది. అంతా విని చేతులు తుడుచుకుంది.

"ఏమండీ, మా వార్డులో పేషెంటును ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మారుస్తాం. కేస్ షీటు పాత మంచానికే వదిలేస్తే ఏమవుద్ది?"

"ఒకడి మందు ఇంకోడు మింగుతాడు."

"మీ కంపెనీ చేసిందదే. కేస్ షీటు బోర్డు దగ్గర ఉంచేశారు, పేషెంట్లేమో తిరుగుతున్నారు."

"పేషెంటు ఎవరు మరి? డబ్బానా, కంప్రెసరా, గుళికలా?"

"అన్నీనూ. ఎవరి షీటు వాళ్లకి కట్టండి. ఆ ఉల్లిపాయలు తరగండి ముందు."

మరునాడు సాలొమోను ఆ మాట ప్రవల్లికకు చెప్పాడు. ఆ వారంలోనే ఇద్దరూ నోయిడా వెళ్లి వాసవి ముందు కూర్చున్నారు. బోర్డుల సంగతి ప్రవల్లిక చూపించింది. వాసవి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"ఇది నాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

"మాకూ తెలియదండీ," అన్నాడు సాలొమోను. "మేము మిషను ఆగకూడదనే చూశాం. దాని చరిత్ర ఒకటుంటుందని అనుకోలేదు."

"సరే. మీకేం కావాలి?"

"ఈ చలికాలం ఒక్కటి ఇవ్వండి. ప్రతి భాగానికీ సొంత నంబరు వేస్తాం. రిపేరైనవి, కొత్తవి సమానంగా పంపండి. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు తోడుగా ఉన్నవాళ్లకే పంపండి, ఎవరికీ ప్రమాదం ఉండదు. మావి కొత్తవాటితో పాటు నిలబడకపోతే షెడ్డుకు తాళం నేనే వేసిస్తాను."

"ఠీక్ హై," అంది వాసవి. "తర్వాత వాదన ఉండకూడదు."

"ఉండదండీ."

నంబర్లు వేసే పని వానాకాలం అంతా సాగింది. కంప్రెసరుకు ఒక రేకు బిళ్ల, గుళికల గొట్టాలకు ఒకటి, బోర్డుకు ఒకటి, డబ్బాకు ఒకటి. ఏది దేనిలోకి మారినా బిళ్లను ఫోనుకు చూపించి నంబరు ఎక్కించాకే స్క్రూ బిగించాలి. ఇర్షాద్‌కు ఇది మొదట నచ్చలేదు. "స్క్రూలకి కూడా ఆధార్ కార్డు తీయించండి సాల్మన్ భాయ్, అవి మాత్రం ఏం పాపం చేశాయి" అనేవాడు. అయినా బిళ్ల చూపించకుండా ఒక్క స్క్రూ కూడా బిగించలేదు. అతని చేతి అలవాటు అటువంటిది, నోరు ఎంత ఆడినా చెయ్యి తప్పదు.

ఆగస్టుకల్లా ప్రవల్లిక గీతల్లో కొన్ని సంగతులు తేలాయి. మొదటిది సాలొమోనుకు రుచించలేదు. ఒక రకం కంప్రెసర్లున్నాయి, బరువైనవి, పాత కాలపు గట్టి పోత. అతను వాటిని ఇష్టంగా బాగుచేసేవాడు. రెండోసారి బాగుచేశాక అవి నిలబడవని గీత చెప్పింది.

"ఎట్టా నిలబడవమ్మా? చెవి పెట్టి విను, సన్నాయిలాగా ఉంది."

"మంచిగనే ఉన్నది అంకుల్. అయితే ఎక్కువసేపు నడిపి చూద్దామా?"

నడిపారు. ఉదయం వేసింది మధ్యాహ్నం వరకు బాగానే ఉంది. వేడెక్కిన కొద్దీ ఒత్తిడి మెల్లగా జారింది. సాలొమోను విప్పి చూస్తే కంప్రెసర్ లోపలి సిలిండరు గోడ వెంట్రుకంత అరిగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు అది తెలియదు. అతను ఇంకో రెండింటిని విప్పాడు. అవీ అంతే. ఆ రకం కంప్రెసర్లన్నీ తుక్కు బుట్ట పక్కన పెట్టించి, వాటి రాగి తీగ మాత్రం విడిగా తీయమన్నాడు.

రెండో సంగతి ఎవరికీ అర్థం కాలేదు. కొన్ని మిషన్లు చాలా కొద్దిగా నడిచాయి. అయినా వాటి గుళికలు చచ్చిపోయి ఉన్నాయి. ఎక్కువ నడిచినవాటి గుళికలు నిక్షేపంగా ఉన్నాయి. ఆదివారం చర్చి అయ్యాక ప్రవల్లికను ఇంటికి భోజనానికి పిలిచినప్పుడు ఆమె ఈ మాట ఎత్తింది.

"గుళికలకి చెమ్మ పడదు," అన్నాడు సాలొమోను. "మిషను నడుస్తుంటే చెమ్మ నిలవదు. మూలన పడేస్తే తేమ తాగేస్తాయి. మన షెడ్డులో అయితే మూతులు బిగించి పెడతాం."

ప్రవల్లిక అన్నం ముందే ఫోను తీసి చూసింది. "ఔ అంకుల్. గీ మిషన్లన్నీ చివరిసారి నడిచినంక చాన రోజులకు వాపసొచ్చినయ్. వాడనిదాన్ని ఇంట్ల ఎందుకు పెట్టుకుంటరు? అద్దె కూడ కడుతున్నరు గదా."

వడ్డిస్తున్న సరళకుమారి ఆగింది. "నువ్వు చిన్నపిల్లవమ్మా. ఆ మిషను ఎవరి మంచం పక్కన ఉంది? ఆ మనిషి పోయాక దాన్ని తీసుకెళ్లండని ఫోన్ చేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? బాల్కనీలోకి జరిపి దుప్పటి కప్పేస్తారు. అంతే."

ఎల్సా లేచి నీళ్లు తెచ్చిపెట్టింది.

"అయితే మిషన్ ఆగిన వారానికే మేమే ఫోన్ చేస్తం ఆంటీ," అంది ప్రవల్లిక. "ఏ మిషన్ ఆగిందో మాకు కనిపిస్తది."

"చెయ్యండి. కానీ 'వాడటం లేదా' అని అడక్కండి. ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలీదు. 'వానాకాలం కదా, మిషను ఒకసారి చూసుకుని పోతాం, ఎప్పుడు రమ్మంటారు' అనండి. ఇవ్వాలనుకుంటే వాళ్లే ఇస్తారు. ఇంకా కావాలంటే తుడిచి, నడిపి చూసి, అక్కడే వదిలి రండి."

కస్టమర్ కేర్ వాళ్లు ఆ మాటలే పట్టుకున్నారు. దుప్పట్ల కింద ఉన్న మిషన్లు షెడ్డుకు రావడం మొదలయ్యాయి. గుళికలు బతికుండగానే వచ్చాయి. ఒక ఇంటి నుంచి మిషనుతో పాటు స్వీట్ల డబ్బా కూడా వచ్చింది. ఎందుకిచ్చారో డెలివరీ అతను చెప్పలేకపోయాడు.

దీపావళి వెళ్లాక పొగతో ఆకాశం మూసుకుపోయింది. వైశాలి మెట్రో మీంచి చూస్తే ఎదురు బిల్డింగులు కనపడని రోజులు. షెడ్డులోంచి మిషన్లు వెళ్తూనే ఉన్నాయి. మొదటి వారంలోనే వాళ్లు బాగుచేసిన మిషను ఒకటి కంప్లయింటుతో వెనక్కి వచ్చింది. సాలొమోను మూత విప్పేటప్పుడు ఇర్షాద్ కూడా పని ఆపి వచ్చి నిలబడ్డాడు. లోపల ఏదీ పాడవలేదు. గాలి లోనికి పోయే జల్లెడకు మాత్రం పరదా గుడ్డ పోగులు చుట్టుకుని ఉన్నాయి. రోగి ఇంట్లో దాన్ని సోఫా వెనక, పరదాకు ఆనించి పెట్టారు.

"ఇది మన లెక్కలో రాకూడదు," అన్నాడు ఇర్షాద్. "కస్టమర్ తప్పు."

ప్రవల్లిక ఫోన్లో అదే అడిగింది. "తీసెయ్యాల్నా అంకుల్? తప్పయితే మీది కాదు గదా."

"ఉంచమ్మా. ఎక్కడ పెట్టాలో చెప్పకుండా పంపింది మనమే. కొత్త మిషన్లకీ ఇలాగే జరిగితే అవీ ఉంచండి. న్యాయం ఒకటే ఉండాలి." ఆ రోజు నుంచి ప్రతి మిషను నెత్తిన ఒక బొమ్మ అంటించారు. గోడకు జానెడు దూరంలో మిషను, పరదా మీద ఎర్ర గీత.

ఆ చలికాలం సాలొమోనుకు ఫోను మోగితే ఉలికిపాటు. సరళ వార్డులో ఊపిరాడని పేషెంట్లు నిండిపోయి ఆవిడ ఆలస్యంగా వచ్చేది. ఎవరి పని వాళ్లది.

ఫిబ్రవరి చివర్లో, ఎండ మళ్లీ ఎండలా కనిపించిన ఒక ఉదయం, వాసవి ప్రవల్లికతో కలిసి షెడ్డుకు వచ్చింది. సాలొమోను మిషనును ఆపి చేతులు తుడుచుకున్నాడు. ప్రవల్లిక ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఆమె కావాలనే అలా పెట్టుకుందని తర్వాత ఒప్పుకుంది.

"కొత్తవీ మీవీ పక్కపక్కన పెట్టి చూశాం," అంది వాసవి. "తేడా లేదు. పాత కంప్రెసర్లు తీసేశారు కాబట్టి లేదు, అవి ఉంటే ఉండేది. గుళికలు సగానికి పైగా మార్చకుండానే మిగిలాయి. షెడ్డు ఉంటుంది. చండీగఢ్, జైపూర్ మిషన్లు కూడా ఇకనుంచి తుక్కుకు కాదు, ఇక్కడికే వస్తాయి."

ఇర్షాద్‌కు హిందీలో చెప్పగానే అతను ఈల వేశాడు. సాలొమోను తల ఊపాడు. ఒకసారి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత, "రెండూళ్ల సరుకు వస్తే ఈ షెడ్డు చాలదండీ," అన్నాడు.

"ఇంకో ఇద్దరు మెకానిక్కుల్ని తీసుకోండి. మీరే ఎంచుకోండి."

"మనుషులు తర్వాతండీ. వానలు మొదలయ్యేలోపు ఒక పొడి గది కావాలి. నాలుగు గోడలూ బిగించి, చెమ్మ లాగే మిషను పెట్టి. వచ్చినవి వచ్చినట్టు అందులోకి పోవాలి. బల్ల ఖాళీ అయ్యేదాకా గుళికలు బతకాలి కదా."

వాసవి నవ్వింది. "జీతం పెంచమంటారనుకున్నాను."

"అదీ అంటానండీ. ముందు గది కొలతలు తీసుకోండి." ఇర్షాద్ చేతిలోని కొలత టేపు అందుకుని, ఒక కొస ఆవిడ చేతికిచ్చి, సాలొమోను గోడ వైపు నడిచాడు.